ఇంట్లో మగవాళ్ళున్నారా?

ఆ ఏడు వానలు మొదలయ్యేనాటికి మా అత్తయ్య ఉద్యోగం ఇంకా మూడు నెలలే మిగిలింది. ఆవిడది ఆరోగ్యకేంద్రంలో పని. ఇంటింటికీ తిరిగి కుటుంబ నియంత్రణ గురించి చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళు తిరిగింది. ఎవరింటికి వెళ్ళినా తలుపు మూడుసార్లు తట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడి, ఒకే మాట అడిగేది: "ఇంట్లో మగవాళ్ళున్నారా?"

ఉండేవాళ్ళు. ఆ మాట వినపడగానే ఉండేవాళ్ళు కాదు. దొడ్డిదారి ఉన్న ఇళ్ళలో అటునుంచి జారుకునేవాళ్ళు, లేని ఇళ్ళలో స్నానాలగదిలో దూరేవాళ్ళు. ఒకాయన ఆవిడ వెళ్ళేదాకా గంటసేపు నీళ్ళు పోసుకుని వారంరోజులు జలుబుతో మూలిగాడట. చివరికి మిగిలేది ఆడవాళ్ళే, వినేదీ వాళ్ళే. ఇద్దరు పిల్లలున్న ప్రతి ఇల్లాలికీ "ఇక చాలమ్మా" అని చెప్పీ చెప్పీ, పేటంతటికీ ఆవిడ చాలమ్మ అయిపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆవిడ భుజాన వేలాడే సంచిలో ఒక అట్టల పుస్తకం ఉండేది. మొదటి ఆరు అట్టల మీదా ఆడవాళ్ళ సంగతులు. అవి వేలిముద్రలతో నల్లబడి, మూలలు ఊడి, అతికించిన కాగితాలతో బరువెక్కి ఉండేవి. చివరి రెండు అట్టలూ మగవాళ్ళవి. అవి మాత్రం నిన్ననే అచ్చేసినట్టు నిగనిగలాడేవి. అక్కడిదాకా కూర్చున్న మగవాడు లేడు మరి. ఆవిడ మాట విని ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు తొమ్మిది వందల పైచిలుకు. మగవాళ్ళు సున్నా. ఆ సున్నా ఆవిడకి పంటికింద రాయి.

మాకూ ఇద్దరు పిల్లలు. పెద్దది రెండో తరగతి, చిన్నదానికి మూడేళ్ళు నిండాయి. అందుకని వానలు తగ్గాక పెట్టబోయే ఆపరేషన్ల క్యాంపు జాబితాలో నా పేరు నాలుగోది. రాసింది మా అత్తయ్యే. నన్ను అడక్కుండా రాయలేదు. "క్యాంపు పెడుతున్నారమ్మాయ్" అంది, "సరే అత్తయ్యా" అన్నాను. డిగ్రీ చదువుకున్నదాన్ని, నాకూ ఆ క్షణంలో మరో ఆలోచన తట్టలేదు. మా ఆయన అప్పుడు పక్కగదిలో గోడగడియారానికి కీ ఇస్తున్నారు.

ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాయడం ఆయన పని. ఇంట్లోనూ అంతే. టీ ఆలస్యమైతే కోప్పడరు, "నాలుగు నిమిషాలు" అంటారు. నెమ్మదస్తుడు. ఒక్క సూదిని చూస్తే మాత్రం కళ్ళు తేలేస్తారు. పెద్దదానికి టీకా వేయించడానికి తీసుకెళితే, నర్సు పిల్లని పక్కన కూర్చోబెట్టి ఈయన మొహాన నీళ్ళు చల్లింది.

మా ఎదురుగా టైలరు షాపు. ముందు మిషను, వెనక గదిలో కాపురం. అతని భార్య నాకంటే రెండేళ్ళు చిన్న. గుండీలు కుట్టడం, కాజాలు తీయడం ఆమె పని. ముగ్గురు పిల్లలు. మూడో కాన్పులో మనిషి దక్కడమే గగనమైంది. గుండెలో కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదని, మళ్ళీ కడుపొస్తే బతకడం కష్టమని పెద్దాసుపత్రి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మత్తిచ్చి ఆమెకి ఆపరేషన్ చేద్దామన్నా ప్రమాదమే. లూపు వేస్తే రక్తం ఆగక తీసేశారు. మాత్రలు పడవు. మిగిలిన దారి ఒక్కటే, అది మిషను ముందు కూర్చుని పంట్లాలు కుడుతోంది.

మగవాళ్ళ ఆపరేషన్ గురించి చెప్పడానికి మా అత్తయ్య అతని దగ్గరికి వెళ్ళింది. షాపుకి ఒకటే తలుపు, ఆ తలుపులో ఈవిడ నిలబడింది కాబట్టి అతను పారిపోలేదు. పైగా మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. ఆ నరం కోస్తే నడుములో సత్తువ పోతుందని విన్నానని, రోజుకి పది గంటలు మిషను తొక్కే తనకి నడుమే ఆధారమని చెప్పాడు. నడుముకీ దానికీ సంబంధం లేదని ఈవిడ విడమరచి చెప్పింది. అతను అంతా విని, మెడలోని టేపు సర్దుకుని అడిగాడు.

"అమ్మగారూ, ఒక మాట, ఏమీ అనుకోకండి. మీ కోడలుగారి పేరు క్యాంపులో ఉందని మా ఆవిడ చెప్పింది. మరి మీ అబ్బాయిగారు ఎందుకు చేయించుకోవడం లేదండీ?"

ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ నోరు మూయించిన మొదటి మగాడు అతనే. అతను వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అదే ఎక్కువ తగిలింది.

చేతిలో గొడుగు ఉండగా తడిసి ఇంటికొచ్చింది ఆవిడ. ఆ ప్రశ్న సంగతి నాకు చెప్పలేదు, అది తర్వాత టైలరు భార్య చెప్పగా తెలిసింది. తల తుడుచుకుంటూ ఒకటే అంది. "నేను దిగిపోయేలోగా ఆ టైలరుని ఆసుపత్రికి పంపిస్తానమ్మాయ్. పంపలేకపోతే నేను చేసింది ఉద్యోగమే కాదు."

ఆవిడకి మగవాళ్ళతో మాట్లాడటం రాదనుకుంటే పొరపాటు. ఏటి మీద వంతెన మునిగి లారీలన్నీ మా ఊరి అడ్డాలో పది రోజులు ఆగిపోయాయి. కండోమ్‌ల పెట్టె మోయడానికి ఆరోగ్యకేంద్రంలో మనిషి లేడంటే, పిల్లల్ని ఆయనకి అప్పగించి నేను వెంట వెళ్ళాను. నలభై మంది డ్రైవర్లు, క్లీనర్లు. వాళ్ళ మధ్య పీపా మీద కూర్చుని, రోగం ఎవరి మొహం మీదా రాసి ఉండదని, దారిలో తగిలించుకున్నది ఇంటికెళ్ళి పెళ్ళాంబిడ్డలకి అంటిస్తారని, ఏ మాటకీ ముసుగు వేయకుండా చెప్పింది. ఒక మీసాలాయన ఏడిపిద్దామని, ఎలా తొడగాలో చూపించమన్నాడు. ఆవిడ లేచి, అతని లారీలోకే ఎక్కి, గేరు రాడ్డుకి కండోమ్ తొడిగి చూపించింది.

"గేరు వేసేముందే తొడగాలి బాబూ. బండి కదిలాక కాదు."

మీసాలాయన మీసాలు కిందికి దిగాయి. ఆ రోజు పెట్టె ఖాళీ అయింది.

మర్నాడు ఒక చిక్కు తెలిసింది. తీసుకున్నవాళ్ళు దాచుకోలేకపోతున్నారు. చొక్కా జేబులో పెడితే కనిపిస్తుంది, బండిలో పెడితే క్లీనరు చూస్తాడు. చిన్న సంచులు కుట్టిద్దామన్నది నా సలహా. టైలరు ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. బడి పిల్లల యూనిఫాం తాలూకు నీలం గళ్ళ ముక్కలు బోలెడు మిగిలాయని, వాటితో లాగుతాడు వేసి రెండొందల సంచులు కుట్టిచ్చాడు. అందరికీ పంచాం. వారం తిరిగేసరికి నా తెలివి బయటపడింది. అన్నీ ఒకే గుడ్డ. నీలం గళ్ళ సంచి ఎవరి దగ్గర కనిపించినా లోపల ఏముందో ఊరంతటికీ తెలిసిపోతోంది. దాచుకోవడానికని కుట్టిస్తే మెడలో బోర్డు కట్టినట్టయింది.

దానికి విరుగుడు కూడా నేనే కనిపెట్టాను. సూదీదారం, రెండు గుండీలు, జ్వరం మాత్రలు వేసి అవే సంచులు ముసలమ్మలతో సహా ఇంటింటికీ పంచాం. ఇక ఎవరి సంచిలో ఏముందో ఎవరికీ తెలియదు. అయితే ఈ విరుగుడు తోచకముందే ఒకనాడు, ఊరికే సరదాకి, మా ఆయన టిఫిన్ బాక్సు సంచిలో ఒక గళ్ళసంచి పడేశాను. ఆయన దాన్ని డిపోలో పదిమంది మధ్య బయటికి తీశారు.

ఆ సాయంత్రం చెప్పులు విప్పి, కూర్చుని చెప్పారు.

"డిపోలో నన్ను గళ్ళసంచి అంటున్నారు. పన్నెండేళ్ళ సర్వీసు నాది."

నేను నవ్వాను. నవ్వాల్సింది కాదు. ఆ సంచిని గడియారం మీద, ఎవరికీ అందకుండా పెట్టేశారాయన. ఆనాటినుంచి ఇంట్లో ఆ ప్రస్తావన వస్తే చాలు, పేపరు తీసేవారు. నిన్నటి పేపరైనా సరే.

వానలు మధ్యలో ఉండగా ఒక మధ్యాహ్నం టైలరు భార్య గుండీల డబ్బా, నాలుగు చొక్కాలు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. గడప పక్కన కూర్చుని, కుట్టిన గుండీనే ఊడదీసి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగాను.

"తొమ్మిది రోజులు దాటిందక్కా."

సంచులు కుట్టే ఇంట్లోనేనా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆమే చెప్పింది, ఒక్కరోజు కండోమ్‌లు అయిపోయాయట, తెచ్చుకోవడం మర్చిపోయారట. వాళ్ళాయనకి ఇంకా చెప్పలేదంది. తర్వాత దారం పళ్ళతో తెంపి, చాలా మామూలుగా అంది.

"పెద్దదానికి కాజాలు తీయడం నేర్పుతున్నానక్కా. ఎందుకైనా మంచిది."

ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు.

సాయంత్రం మా అత్తయ్య రాగానే ఆమెని ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. లేదని వచ్చింది. అయినా ఇద్దరూ నమ్మలేదు. మరో మూడు రోజులకి ఆమె మా కిటికీలోంచి నావైపు చూసి తల ఊపింది. అంతే, నాకు అర్థమైంది. ఈసారికి గండం తప్పింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన పిల్లల్ని పడుకోబెడుతుంటే నేను అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. క్యాంపు జాబితాలో నా పేరు కొట్టేయమన్నాను. భయం వేస్తోందా అని అడిగింది. భయం కాదని, ఆ చోట మీ అబ్బాయి పేరు రాయమని చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. వాడికి సూదంటేనే పడదని గొణిగింది. నావి రెండు కాన్పులని, కుట్లు ఎన్నో నేను లెక్కపెట్టుకోలేదని అన్నాను. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"నలభై మంది డ్రైవర్లకి చెప్పానమ్మాయ్. కడుపున పుట్టినవాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వే చెప్పు."

"నేను చెబితే సరుకుల చీటీ అనుకుంటారత్తయ్యా. మీరు అందరికీ ఎలా చెబుతారో అలాగే చెప్పండి. మన ఇల్లూ మీ వార్డులోదేగా. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఈ తలుపు తట్టారా?"

తట్టలేదు. తట్టాలన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

ఆదివారం పొద్దున్న పది గంటలకి ఆవిడ డ్యూటీ బట్టలు వేసుకుని, సంచి తగిలించుకుని, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళింది. సెలవురోజు ఎక్కడికని ఆయన అడిగారు. పని ఉందంది. తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయింది.

అర నిమిషం తర్వాత తలుపు చప్పుడైంది. మూడుసార్లు.

నేను చిక్కుళ్ళు వలుస్తున్నాను. ఎవరో చూడండి అన్నాను. ఆయన తలుపు తీశారు. వాళ్ళమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, వానలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"నమస్కారమండీ. ఆరోగ్యకేంద్రం నుంచి వచ్చాను. ఇంట్లో మగవాళ్ళున్నారా?"

"అమ్మా, ఏమిటిది?"

"ఉంటే పది నిమిషాలు మాట్లాడాలండీ. లేరంటే మళ్ళీ వస్తాను."

ఆయన నావైపు చూశారు. నాకు చిక్కుళ్ళతో తీరిక లేదు. దొడ్డివైపు చూశారు. దొడ్డి తలుపుకి అడ్డంగా బట్టలారేసే స్టాండు ఉంది, దాని నిండా తడి దుప్పట్లు. వానాకాలం కదా, నేనే పొద్దున్నే అక్కడ పెట్టాను. ఆయన మళ్ళీ గుమ్మంవైపు తిరిగారు. గొడుగు మీంచి నీళ్ళు ఆవిడ పాదాల మీద పడుతున్నాయి. ఆవిడ కదల్లేదు.

"ఉన్నారు," అన్నారాయన. పక్కకి తప్పుకుని, "రండి."

పుట్టి బుద్ధెరిగాక ఆయన తల్లిని 'రండి' అనడం అదే మొదటిసారి. ఆవిడ లోపలికొచ్చి, రోజూ కాళ్ళు ముడుచుకుని కూర్చునే కుర్చీలోనే, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అంచున కూర్చుంది. మంచినీళ్ళు అడిగింది. ఆయన తెచ్చిచ్చారు. పిల్లలెందరని అడిగితే ఇద్దరండీ అన్నారు. ఇక చాలనుకుంటున్నారా అంటే, చాలండీ అన్నారు. మా పెద్దది గుమ్మంలోంచి ఇదంతా చూసి, నానమ్మకి నాన్న ఎవరో మర్చిపోయిందా అని నన్ను గుసగుసగా అడిగింది. వెళ్ళి చెల్లెల్ని ఆడించమన్నాను.

ఆవిడ అట్టల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఆరు అట్టలూ ఒక్కసారిగా తిప్పేసింది. చివరి రెండూ చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో నెమ్మదిగా విడదీసింది, చర్రుమని చప్పుడైంది. చిన్న గాటు, తిమ్మిరి ఇంజెక్షను, అరగంట పని, అదేరోజు ఇంటికి. వారంరోజులు బరువులెత్తకూడదు. మూడు నెలలపాటు, పరీక్షలో ఖాయమయ్యేదాకా, కండోమ్ వాడాల్సిందే. సత్తువ తగ్గదు, సరదా తగ్గదు. అన్నీ వరసగా చెప్పింది.

ఆయన అట్టమీంచి చూపు తిప్పకుండా అడిగారు.

"సూది పెద్దదాండీ?"

"చీమ కుట్టినట్టు ఉంటుందని అబద్ధం చెప్పనండీ. కందిరీగ కుట్టినట్టు ఉంటుంది. తర్వాత తెలియదు."

"డిపోలో తెలిస్తే నవ్వుతారు."

"నవ్వుతారండీ. నన్ను చూసి ముప్పై నాలుగేళ్ళుగా నవ్వుతున్నారు. దానికి మా దగ్గర మందు లేదు."

ఇంకేమైనా అడగాలా అందావిడ. ఆయన అట్టమీంచి తలెత్తి అడిగారు.

"మీ ఇంట్లో ఎవరైనా చేయించుకున్నారా?"

నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"లేదండీ," అంది మా అత్తయ్య. "అడగడానికి ఇన్నాళ్ళూ మొహం చెల్లలేదు. ఇవాళే అడిగాను."

ఆలోచించుకుని చెబుతానన్నారాయన. మంచిదండీ అని ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుని, గుమ్మం దాటి వెళ్ళి తలుపు వేసింది. ఆ తర్వాత అదే తలుపు తట్టకుండా తోసుకుని లోపలికొచ్చి, గొడుగు మూలన పెట్టి, చిక్కుళ్ళయ్యాయా అమ్మాయ్ అంది. ఆయన గడియారంవైపు చూసి, పదకొండు నిమిషాలు అని మాత్రం అన్నారు.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. గురువారం సాయంత్రం ఆయన ఒక పాత పంట్లాం తీసుకుని, నడుము దగ్గర కాస్త వదులు చేయించాలని ఎదురుషాపుకి వెళ్ళారు. ఆ పంట్లాం అప్పటికే వదులు. అక్కడ ఏం జరిగిందో వెనక గదిలో కాజాలు తీస్తున్న టైలరు భార్య నాకు చెప్పింది.

మంగళవారం సెలవు పెట్టానని, పెద్దాసుపత్రికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పారట. టైలరు మిషను ఆపాడట.

"తొమ్మిదీ పది బస్సు. నాకు సూదంటే చచ్చేంత భయం. ఇంకెవరిని అడిగినా నవ్వుతారు. నువ్వు తోడొస్తావా?"

నువ్వూ చేయించుకో అనలేదు. తోడు రమ్మన్నారంతే. టైలరు సరేనన్నాడు.

మంగళవారం ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళారు. తానుంటే వాడికి ఇబ్బందని మా అత్తయ్య వెళ్ళలేదు. రోజంతా వార్డులో తిరిగింది. ఎన్ని తలుపులు తట్టిందో, ఏం మాట్లాడిందో తనకే గుర్తులేదంది. నాలుగూ ఇరవై బస్సు నాలుగూ ముప్పై ఒకటికి వచ్చింది. కిటికీ దగ్గర నేను, షాపు గుమ్మంలో కత్తెర పట్టుకుని టైలరు భార్య. వీధి మలుపులో వాళ్ళు కనిపించారు. ఇద్దరూ కాళ్ళు ఎడంగా వేస్తూ, కొత్త చెప్పులు కరిచినవాళ్ళలా నెమ్మదిగా నడుస్తున్నారు.

ఇద్దరూ.

ఆసుపత్రిలో మా ఆయన ఆపరేషన్ గదిలోంచి తన కాళ్ళ మీద తాను నడిచి రావడం చూసి, టైలరు లేచి వెళ్ళి పేర్లు రాసే కిటికీ దగ్గర తన పేరు చెప్పాడట. ఇంత సూదికి భయపడే మనిషే బయటికొచ్చాక నాకేమిటన్నాడట. మా ఆయన సూదివైపు కాక గోడగడియారంవైపు చూస్తూ పడుకున్నారట. ఆ గడియారం ఆరు నిమిషాలు వెనకుందని నర్సుకి చెప్పి మరీ వచ్చారు.

టైలరు భార్య లోపలికెళ్ళి ఒక దిండు తెచ్చి, మిషను ముందున్న స్టూలు మీద వేసింది. తర్వాత ఏమనుకుందో, మిషను మీద గుడ్డ కప్పేసి, వారంరోజులు దాని దగ్గరికి రావద్దని వేలు చూపించింది. ఆ సాయంత్రం మా అత్తయ్య రిజిస్టరులో ముప్పై నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్న పేజీలో రెండు పేర్లు రాసింది. ఒక పేరు రాయడానికి ఆవిడకి కాస్త ఎక్కువసేపు పట్టింది. మూడు నెలల సంగతి గుర్తుచేస్తూ టైలరు చేతిలో గళ్ళసంచి పెట్టి వచ్చింది. కొడుక్కి ఇవ్వలేదు. మర్నాడు చూస్తే గడియారం మీద సంచి లేదు.

వారం తర్వాత టైలరు మళ్ళీ మిషనెక్కాడు. పంట్లాం కొలతలకి వచ్చినవాళ్ళకి, నడుముచుట్టూ టేపు బిగించి, కదలొద్దని చెప్పి, తన ఆపరేషన్ సంగతి మొదటినుంచీ వినిపించేవాడు. కొలతలిస్తున్న మగాడు ఎక్కడికి పోతాడు? మా అత్తయ్య దిగిపోయేలోగా ఆ పేజీలో ఇంకో మూడు పేర్లు చేరాయి. వాటిలో ఒకటి డిపో డ్రైవరుది, మా ఆయనకి గళ్ళసంచి అని పేరు పెట్టిన మనిషిది. టైలరు పెద్దపిల్ల కాజాలు తీయడం మానేసి మా పెద్దదానితో వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటోంది.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఆవిడ చివరి డ్యూటీ. సంచి, అట్టల పుస్తకం, గొడుగు అన్నీ ఆరోగ్యకేంద్రంలో అప్పగించి రావాలి. సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. వీధి తలుపు బార్లా తీసే ఉంది. అయినా చప్పుడైంది. మూడుసార్లు.

తొంగి చూశాను. మా అత్తయ్య ఖాళీ భుజాలతో, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడి ఉంది. చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టున్నాయి. నోరు తెరిచింది.

మా ఆయన అప్పటికే కుర్చీలోంచి లేచారు.

"ఉన్నామండీ, లోపలికి రండి," అని మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చారు.